ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ చూడబోయేవారికి: ముందు ఓడ, తర్వాత బస, ఆఖరున విమానం

ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమ, ఐరిష్ సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో ఏటా మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా టూరిస్ట్ ట్రోఫీ మోటార్‌సైకిల్ పోటీలు జరుగుతాయి. లోకమంతా వీటిని టీటీ అనే పిలుస్తుంది. 1907లో మొదలైన ఈ పోటీలు 1911 నుంచి స్నేఫెల్ కొండ భుజం మీదుగా సాగే మౌంటెన్ కోర్స్ మీద నడుస్తున్నాయి. ఒక చుట్టు 60.7 కిలోమీటర్లు. ఇది పోటీల కోసం కట్టిన ట్రాక్ కాదు. మిగతా రోజుల్లో బస్సులూ కార్లూ తిరిగే మామూలు రోడ్డే. ఊళ్ల మధ్య నుంచి, ఇళ్ల గుమ్మాల ముందు నుంచి, రాతి గోడల పక్క నుంచి పోయే ఆ రోడ్డు మీద 2023లో పీటర్ హిక్‌మన్ ఒక చుట్టును గంటకు సగటున 136.358 మైళ్ల వేగంతో పూర్తి చేశాడు.

ప్రయాణం ప్లాన్ చేసుకునేవారికి ఈ వేగం కన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. ద్వీపంలో స్థిరంగా ఉండే జనాభా దాదాపు 84 వేలు. టీటీ రెండు వారాల్లో బయటి నుంచి వచ్చేవారు 40 వేలకు పైమాటే. అంత మందికీ సరిపడా హోటళ్లు అక్కడ లేవు, వారిని మోసుకొచ్చే ఓడలూ కొన్నే. అందుచేత విదేశీ ప్రయాణం అనగానే ముందుగా విమాన టికెట్ల ధరలు వెతికే మన అలవాటును ఇక్కడ తిరగేయాలి. ముందు సముద్రం దాటే మార్గం, తర్వాత పడుకునే చోటు, ఆ తర్వాత వీసా, అన్నీ కుదిరాక భారతదేశం నుంచి విమానం: ఈ వరుస తప్పితే హైదరాబాదు నుంచి లండన్ దాకా సుఖంగా వెళ్లి, ఆఖరి నూట ముప్పై కిలోమీటర్ల నీటి దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది.

సముద్రం దాటడం

ద్వీపానికి ఓడలు నడిపేది ఐల్ ఆఫ్ మ్యాన్ స్టీమ్ ప్యాకెట్ కంపెనీ. 1830 నుంచి ఆ పనిలోనే ఉన్న సంస్థ ఇది. ఇంగ్లండులో హేషమ్, లివర్‌పూల్ రేవుల నుంచి, ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్ నుంచి, ఐర్లండులో డబ్లిన్ నుంచి దీని ఓడలు ద్వీప రాజధాని డగ్లస్‌కు చేరతాయి. 2023లో సేవలోకి వచ్చిన మాంక్స్‌మన్ 948 మంది ప్రయాణికులను తీసుకెళ్లగల పెద్ద ఓడ. హేషమ్ నుంచి ఇది డగ్లస్ చేరడానికి మూడు ముప్పావు గంటలు పడుతుంది. లివర్‌పూల్ నుంచి నడిచే మనానన్ వేగంగా పోయే రకం కాబట్టి రెండు ముప్పావు గంటల్లో చేరుస్తుంది. గంట కలిసొస్తుంది కదా అని చాలామంది మనానన్‌కే మొగ్గుతారు. అయితే గాలి హోరెత్తి అలలు పెరిగినప్పుడు ముందుగా ఆగేది ఈ వేగపు ఓడే. పెద్ద ఓడ అలాంటి సముద్రాన్ని మరికొంత తట్టుకుంటుంది. తిరుగు ఓడ దిగాక అంతర్జాతీయ విమానం అందుకోవాల్సి ఉంటే, ద్వీపానికి వెళ్లేటప్పుడు లివర్‌పూల్ దారి, ద్వీపం నుంచి తిరిగొచ్చేటప్పుడు హేషమ్ దారి పట్టడం నా ఉద్దేశంలో మంచి పద్ధతి.

టీటీ ఓడల టికెట్ల అమ్మకం దాదాపు ఏడాది ముందే మొదలవుతుంది. బండితో వచ్చేవారికి కేటాయించే డెక్కు ముందుగా నిండిపోతుంది, నడిచి ఎక్కే ప్రయాణికుల చోటు కొంత ఆలస్యంగా నిండుతుంది. అంటే బైకు, కారు లేకుండా వెళ్లేవారికి ఓడ టికెట్టు దొరికే అవకాశం ఎక్కువ. భారతదేశం నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది ఇలా నడిచి ఎక్కేవారే అవుతారు గనుక, పోటీలకు నాలుగైదు నెలల ముందు చూసుకున్నా ఒక్కోసారి చోటు ఉంటుంది. అయినా ఆ ధీమాతో ఆలస్యం చేయవద్దు. టికెట్టు తీసుకునేటప్పుడు తేదీని రెండుసార్లు సరిచూసుకోండి. హేషమ్ నుంచి అర్ధరాత్రి దాటాక రెండు గంటల ప్రాంతంలో బయలుదేరే ఓడ ఒకటి ఉంటుంది. శుక్రవారం రాత్రి ఎక్కుదామని శుక్రవారం తేదీతో దాన్ని బుక్ చేస్తే, మీరు రేవుకు చేరే సరికి ఆ ఓడ వెళ్లిపోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. శుక్రవారం రాత్రి ఎక్కాలంటే టికెట్టు మీద శనివారం తేదీ ఉండాలి.

రేవులకు చేరడం కష్టమేమీ కాదు. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్‌కు రైలులో రెండుంబావు గంటలు. హేషమ్ వెళ్లాలంటే లాంకస్టర్ స్టేషన్లో దిగి అక్కడి నుంచి బస్సో టాక్సీయో పట్టుకోవాలి. హైదరాబాదు నుంచి లండన్ హీత్రోకు నేరుగా విమానం ఉన్నా, గల్ఫ్ మీదుగా మాంచెస్టర్‌లో దిగడం ఈ ప్రయాణానికి మరింత అనువైనది. దుబాయ్ నుంచి, దోహా నుంచి అక్కడికి విమానాలున్నాయి. మాంచెస్టర్ విమానాశ్రయం స్టేషన్లోనే లివర్‌పూల్ రైలూ లాంకస్టర్ రైలూ దొరుకుతాయి. ఎక్కడ దిగినా అదే రోజు ఓడ ఎక్కాలని మాత్రం అనుకోవద్దు. ఒక రాత్రి లివర్‌పూల్‌లోనో లాంకస్టర్‌లోనో పడుకుని మర్నాడు ఎక్కండి.

విమానంలోనే ద్వీపానికి వెళ్లాలనుకునేవారికి కాసిల్‌టౌన్ దగ్గర రోనల్డ్స్‌వే విమానాశ్రయం ఉంది. ఇంగ్లండు నగరాల నుంచి అక్కడికి చిన్న విమానాలు నడుస్తాయి. సీట్లు తక్కువ కాబట్టి టీటీ సమయంలో ధర బాగా పెరుగుతుంది. పైగా సముద్రం మీది పొగమంచు కమ్మితే విమానాలు దిగలేవు. ఓడ టికెట్టు దొరకనప్పుడు మాత్రమే దీన్ని చూడమంటాను.

వీసా లెక్క

ఐల్ ఆఫ్ మ్యాన్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. టిన్వాల్డ్ అనే సొంత శాసనసభ ఉన్న, బ్రిటిష్ రాజసింహాసనం కింది స్వయంపాలిత ప్రాంతం. అయినా భారతీయులు దీనికోసం వేరే వీసా తీసుకోనవసరం లేదు. బ్రిటన్ సందర్శక వీసా ద్వీపంలోనూ చెల్లుతుంది. బ్రిటన్లో చదువు మీదో ఉద్యోగం మీదో ఉంటున్న తెలుగువారు తమకున్న అనుమతితోనే వెళ్లవచ్చు. షెంజెన్ వీసా ఇక్కడ పనికిరాదు. డబ్లిన్ మీదుగా వెళ్లాలనుకుంటే ఐర్లండు నిబంధనలు అదనంగా చూసుకోవాలి కాబట్టి, భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారు రాకపోకలు రెండూ ఇంగ్లండు మీదుగానే పెట్టుకోవడం మేలు.

అసలు చిక్కు సమయంతో వస్తుంది. సందర్శక వీసాకు ప్రయాణ తేదీకి మూడు నెలల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు చేయవచ్చు. మే నెలాఖరులో వెళ్లేవారు ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆగాల్సిందే. ఓడా బసా మాత్రం అప్పటికే చాలావరకు నిండిపోతాయి. అందుకని వీసా రాకముందే బుక్ చేసుకోక తప్పదు, అలా చేసేటప్పుడు చౌక ధర కన్నా రద్దు షరతులకే ఎక్కువ విలువ ఇవ్వాలి. అడ్వాన్సు ఎంత, అది ఏ తేదీ దాకా వాపసు వస్తుంది, మిగతా సొమ్ము ఎప్పుడు కట్టాలి అన్న మూడు సంగతులనూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మిగతా సొమ్ము ఏప్రిల్ నెలాఖరులో కట్టే ఏర్పాటు దొరికితే అది మనవాళ్లకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే మార్చి మొదట్లో హైదరాబాదు కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చినవారికి మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం తెలుస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి, వేసవిలో పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రుల దరఖాస్తులతో రద్దీ పెరుగుతుంది కనుక మార్చి మొదటి వారాన్ని వదులుకోవద్దు.

ఎక్కడ దిగాలి: చుట్టు లోపలా, బయటా

బస విషయంలో ధర, సౌకర్యం చూడటానికి ముందు ద్వీపం పటం తెచ్చుకుని దాని మీద కోర్సును ఎర్ర గీతతో గీయండి. డగ్లస్‌లో గ్రాండ్‌స్టాండ్ (ప్రేక్షకుల గ్యాలరీ) దగ్గర మొదలయ్యే గీత బ్రే హిల్ దిగి, క్వార్టర్‌బ్రిడ్జ్, యూనియన్ మిల్స్ మీదుగా పడమరకు పోయి, బల్లాక్రెయిన్ దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. అక్కడి నుంచి కిర్క్ మైకేల్, బల్లాఫ్, సల్బీ ఊళ్లు దాటి ఈశాన్యాన రామ్సే చేరి, కొండెక్కి, బంగ్లో, క్రెగ్ నీ బా అనే చోట్ల మీదుగా మళ్లీ డగ్లస్‌లో కలుస్తుంది. గీత పూర్తయ్యాక ద్వీపం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. రోడ్లు మూసినంతసేపూ ఈ రెండు ముక్కల మధ్య వాహనాల రాకపోకలు దాదాపు ఆగిపోతాయి. డగ్లస్ శివార్లలో చిన్న వాహనాలకు ఒక దారి, నడిచేవారికి కొన్నిచోట్ల వంతెనలు ఉంటాయి, అంతకు మించి ఏమీ ఉండదు.

మూసివేత అంటే నిజంగానే మూసివేత. ప్రకటించిన సమయానికి ప్రతి కూడలిలోనూ మార్షల్స్, అంటే కోర్సు కాపలా చూసేవారు, అడ్డుకట్టలు వేస్తారు, ఆ క్షణం నుంచి రోడ్డు మీద అడుగు పెట్టడం చట్టరీత్యా నేరం. కొండ మీది భాగాన్ని మిగతా దారి కన్నా ముందే మూస్తారు. పరుగు అయిపోయి బండ్లన్నీ వెళ్లిపోయాక కూడా జనం గోడ పక్కనే నిలబడి ఎదురుచూస్తారు. ‘రోడ్లు తెరిచాం’ అని పలకతో ఒక కారు కోర్సంతా చుట్టి వస్తుంది. ఆ కారు మీ ముందు నుంచి దాటిన తర్వాతే మార్షల్ అడ్డుకట్ట తీస్తాడు. అప్పటిదాకా ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో మీ గది కనబడుతున్నా అక్కడికి చేరే వీలుండదు. వర్షం వల్ల ఆలస్యమైన రోజుల్లో ఈ మూసివేత చాలా గంటలు సాగవచ్చు.

కాబట్టి తొలిసారి వెళ్లేవారికి, అందులోనూ సొంత వాహనం లేనివారికి, గీతకు బయటివైపు బస చూసుకోమనే నా సలహా. డగ్లస్ సముద్రతీరం, దాని పక్కనున్న ఆంకన్‌లో తీరం వైపు, తూర్పున లాక్సీ, పడమర పీల్, దక్షిణాన కాసిల్‌టౌన్, పోర్ట్ ఎరిన్ అన్నీ బయటివైపే ఉన్నాయి. సల్బీ గ్లెన్, బాల్డ్విన్ వంటి లోపలి చోట్లు అందమైనవే, గుడారం వేసుకుని రోజంతా ఒకేచోట పోటీ చూసేవారికి అవి బాగుంటాయి. కానీ సాయంత్రం ఓడ పట్టుకోవాల్సిన రోజున అక్కడ ఉంటే ఇబ్బంది తప్పదు.

డగ్లస్ తీరం వెంబడి వరుసగా హోటళ్లున్నాయి. రేవు దగ్గర, బస్సులు దగ్గర, గ్రాండ్‌స్టాండ్‌కు ఎగువగా అరగంట నడక. అందుకే ఇవి అన్నిటికన్నా ముందు నిండుతాయి, ఏటా వచ్చేవారు వెళ్లేటప్పుడే మరుసటి ఏడాదికి గది మాట్లాడుకుని పోతారు. వీటిలో చోటు దొరకలేదని నిరాశ పడనవసరం లేదు. రోడ్డు మూసినా నడిచే రైళ్లు రెండు ఉన్నాయి, వాటి వెంబడి వెతకండి. డగ్లస్ తీరపు ఉత్తర కొస నుంచి లాక్సీ మీదుగా రామ్సే దాకా 1890ల నాటి మాంక్స్ (అంటే ఈ ద్వీపానికి చెందిన) ఎలక్ట్రిక్ రైల్వే సముద్రం అంచున సాగుతుంది. డగ్లస్ నుంచి కాసిల్‌టౌన్ మీదుగా పోర్ట్ ఎరిన్‌కు 1874 నాటి ఆవిరి రైలు ఉంది. రెండూ కోర్సుకు బయటే ఉన్నాయి. వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చేది లాక్సీ. అక్కడి నుంచి స్నేఫెల్ కొండ రైలు ఎక్కితే నేరుగా బంగ్లో దగ్గర కోర్సు పక్కనే దిగవచ్చు. కొండ రోడ్డు మూసేసి ఉన్నా, కారూ బైకూ లేకపోయినా, కొండ మీది పరుగును చూడటానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. మలుపు తిరిగి వచ్చే బండి మోత ముందు లోయలోంచి వినిపిస్తుంది, ఆ తర్వాత చాలాసేపటికి గానీ బండి కంటబడదు. పీల్‌లో ఉండేవారు డగ్లస్ రావడానికి రోడ్లు మూసినప్పుడు ఫాక్స్‌డేల్ మీదుగా దక్షిణంగా చుట్టి రావచ్చు. దూరం పెరుగుతుంది కానీ దారి ఆగదు.

హోటల్ దొరకనివారికి అసలైన ఆధారం హోమ్‌స్టే. టీటీ రోజుల్లో ద్వీపవాసులు తమ ఇళ్లలోని ఖాళీ గదులను అతిథులకు అద్దెకిచ్చే ఏర్పాటు చాలాకాలంగా ఉంది, ప్రభుత్వ పర్యాటక శాఖ దీన్ని నమోదు చేసి నడిపిస్తుంది. మనలాంటివారికి ఇది హోటల్ కన్నా మేలని నేను గట్టిగా నమ్ముతాను. వంటగది వాడుకోనిచ్చే ఇల్లు దొరికితే అన్నం, పప్పు వండుకోవచ్చు. శాకాహారులు ఈ సంగతి ముందే రాసి అడగాలి, ఎందుకంటే కోర్సు పక్కన అమ్మే తిండిలో వారికి దొరికేది తక్కువ. పైగా ఇంటివారికి ఏ దారి ఎప్పుడు మూస్తారో, ఏ గోడ దగ్గర నిలబడితే ఏ మలుపు కనిపిస్తుందో చిన్నప్పటి నుంచి తెలుసు. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇల్లు పర్యాటక శాఖ దగ్గర నమోదైందా, కోర్సుకు లోపలా బయటా, దగ్గరలోని బస్సు లేదా రైలు ఆగేచోటికి ఎంత నడక. నమోదు లేని ఇంటికి, సామాజిక మాధ్యమాల్లో పరిచయమైనవారి ఖాతాకు మొత్తం సొమ్ము ముందే పంపవద్దు.

గుడారాలు చౌక. టీటీకి ఫుట్‌బాల్, రగ్బీ క్లబ్బులు తమ మైదానాలను గుడారాలకు ఇస్తాయి. ముందే వేసి ఉంచిన గుడారాన్ని పరుపుతో సహా అద్దెకిచ్చే చోట్లూ ఉన్నాయి. విమానంలో సామాను బరువు లెక్కేసుకునేవారికి ఇది కలిసొస్తుంది. జూన్ అనగానే మనకు గుర్తొచ్చే ఎండను మాత్రం మరిచిపోండి. అక్కడ రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే, గాలి ఆగకుండా వీస్తుంది, వాన ఎప్పుడైనా పడుతుంది. రాత్రి పది దాకా వెలుతురు, తెల్లవారుజామున ఐదు కాకముందే సూర్యోదయం ఉంటాయి కాబట్టి గుడారంలో నిద్రపోవాలంటే కళ్లకు గంతలు కావాలి. వెచ్చని స్లీపింగ్ బ్యాగ్, నీరు చొరని పైకోటు లేకుండా గుడారం ఆలోచన పెట్టుకోవద్దు.

ఎన్ని రోజులు

మొదటి వారంలో ఎక్కువగా క్వాలిఫయింగ్, అంటే అర్హత తేల్చే పరుగులు జరుగుతాయి, అసలు పోటీలు ఆ వారాంతం నుంచి రెండో శనివారం దాకా నడుస్తాయి. బస దొరకడం మొదటి వారంలో తేలిక. సాయంత్రపు పొద్దు వెలుగులో అవే బండ్లు, అదే వేగం, చుట్టూ తక్కువ జనం; వేదిక మీది కప్పు ముఖ్యం కాదనుకునేవారికి ఆ వారమే ఎక్కువ తృప్తినిస్తుంది.

ఏ వారం వెళ్లినా మీ పట్టికలో ఖాళీ రోజులు ఉండి తీరాలి. కొండ మీద పొగమంచు దిగితే పరుగు ఆపేస్తారు, ఎందుకంటే ప్రమాదం జరిగితే గాయపడినవారిని తీసుకెళ్లాల్సిన హెలికాప్టర్ ఆ మంచులో ఎగరలేదు. సముద్ర దేవుడు మనానన్ తన దుప్పటిని ద్వీపం మీద కప్పాడని స్థానికులు ఆ మంచు గురించి చెప్పుకుంటారు. వేగపు ఓడకు ఆయన పేరే పెట్టారు. 2025లో ఆఖరి రోజు జరగాల్సిన సీనియర్ టీటీ, అంటే అన్నిటిలోకీ ముఖ్యమైన పోటీ, గాలి తీవ్రత వల్ల అసలు జరగకుండానే రద్దయింది. ఒక్క సీనియర్ పోటీ కోసం శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్లిపోయేలా ప్లాన్ చేసుకుంటే ఏమీ చూడకుండా తిరిగి రావాల్సి రావచ్చు. కనీసం ఐదు రాత్రులు ద్వీపంలో ఉండేలా చూసుకోండి, అప్పుడు రెండు రోజులు వాన మింగేసినా మూడు రోజులు మిగులుతాయి.

సెలవు దొరకనివారికి, బస కుదరనివారికి ఆగస్టు నెలాఖరులో జరిగే మాంక్స్ గ్రాండ్ ప్రీ ఉంది. 1923లో మొదలైన ఈ పోటీ కూడా ఇదే కోర్సు మీద నడుస్తుంది. పాత బండ్ల పరుగులు ఇందులో ప్రత్యేక ఆకర్షణ. జనం తక్కువ, ఓడలో చోటు తేలిక. టీటీకి గది దొరక్క బెంగపడే బదులు హాయిగా దీనికి వెళ్లవచ్చు.

బండితో వెళ్లేవారికి

బ్రిటన్లో ఉంటున్న తెలుగువారిలో సొంత బైకు మీద వెళ్లాలనుకునేవారు ఏడాది ముందే ఓడ మాట్లాడుకోవాలి. ఓడ అడుగు డెక్కులో బండ్లను పక్కపక్కనే నిలబెడతారు. గేరులో పెట్టి దిగాలి. సిబ్బంది సీటు మీద మెత్త వేసి తాళ్లతో నేలకు బిగిస్తారు. ప్రయాణంలో కిందికి రానివ్వరు గనుక స్వెటరు, మందులు, పాస్‌పోర్టు ముందే సంచిలో తీసి పెట్టుకోండి. ద్వీపంలో మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఊళ్ల బయట కొన్ని రోడ్ల మీద వేగ పరిమితి ఉండదు, టీటీ రోజుల్లో కొండ రోడ్డును రామ్సే నుంచి డగ్లస్ వైపు మాత్రమే వెళ్లేలా చేస్తారు. పరిమితి లేకపోవడాన్ని ఆహ్వానంగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. పోటీదారులు ఏళ్ల తరబడి నేర్చుకున్న మలుపులు అవి, గోడలు రోడ్డుకు ఆనుకునే ఉంటాయి. భారతదేశం నుంచి వెళ్లి అక్కడ బండి అద్దెకు తీసుకునేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోవాలి.

బీమా పత్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ పేరు విడిగా ఉందో లేదో చూడండి, ఎందుకంటే బ్రిటన్ అని రాసినంత మాత్రాన ద్వీపం కలిసినట్టు కాదు. తీవ్రంగా గాయపడినవారిని విమానంలో ఇంగ్లండు ఆసుపత్రికి తరలించాల్సి వస్తుంది, ఆ ఖర్చు బీమాలో ఉండాలి. చాలా పత్రాలు మోటార్‌సైకిల్ నడపడాన్ని మినహాయిస్తాయి కాబట్టి నడపదలిచినవారు ఆ నిబంధనను చదవకుండా సంతకం చేయవద్దు. బ్రిటన్ సిమ్ కార్డు ఉన్నవారు కూడా ద్వీపంలో రోమింగ్ చార్జీ పడుతుందేమో కంపెనీని అడిగి వెళ్లండి. కోర్సు పక్కన సిగ్నల్ లేకపోయినా పనికొచ్చేది చిన్న రేడియో. మాంక్స్ రేడియో వ్యాఖ్యానం లేకుండా ఎవరు ముందున్నారో తెలియదు. దారి పొడవునా చాలా చోట్ల ఉచితంగా చూడవచ్చు, గ్రాండ్‌స్టాండ్ సీట్లకు టికెట్టు ఉంటుంది. ఎర్ర బోర్డు పెట్టిన నిషిద్ధ స్థలాల్లో మాత్రం నిలబడవద్దు.

డబ్బు సంగతి చిన్నదే. బ్రిటిష్ పౌండ్లు ద్వీపమంతా చెల్లుతాయి, చిల్లరగా మాంక్స్ నోట్లు చేతికొస్తాయి. వాటి విలువ పౌండుతో సమానమే అయినా ఇంగ్లండు దుకాణాల్లో తీసుకోరు. కనుక తిరుగు ఓడ ఎక్కే ముందు వాటిని డగ్లస్‌లోనే ఖర్చు చేయడమో, బ్యాంకులో మార్చుకోవడమో చేయాలి. ఆ ఓడకూ భారతదేశానికి బయలుదేరే విమానానికీ మధ్య కనీసం ఒక పూర్తి రోజు, వీలైతే రెండు రోజులు ఉంచండి. ఓడ రద్దయితే తర్వాతి ఓడలో చోటు అడిగేవారు ఆ రేవులో వేలల్లో ఉంటారు.